డాబా మీది ఆప్టికల్ వర్షమాపకాన్ని ఎంతవరకు నమ్మాలి? చినుకు పరిమాణం దానితో తెలుస్తుందా?

చెన్నైలోని పెరంబూరు నుంచి రాసిన మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆయన తన డాబా మీద రెండు పరికరాలు పెట్టారు. ఒకటి టిప్పింగ్ బకెట్: గరాటు కింద రెండు చిన్న గిన్నెలు అటూ ఇటూ ఒరుగుతూ లెక్క పెడతాయి. రెండోది పరారుణ కాంతితో పనిచేసే చిన్న ప్లాస్టిక్ అర్ధగోళం. ఆగస్టులో ఒక సాయంత్రం ఉరుములతో కురిసిన వానకు బకెట్ 31 మిల్లీమీటర్లు చూపితే ఆప్టికల్ పరికరం 38 చూపింది. నవంబరులో రాత్రంతా పట్టిన ముసురుకు బకెట్ 56 అంటే ఆప్టికల్ 49 అంది. రెండు సార్లూ నుంగంబాక్కంలోని వాతావరణ శాఖ కేంద్రం లెక్క ఈ రెండింటితోనూ కలవలేదు. ఏది నిజం? ఆప్టికల్ పరికరంతో చినుకు పరిమాణం కూడా కొలవవచ్చా?

ముందు సూటిగా చెబుతాను. మొత్తం ఎంత వాన పడిందన్న విషయంలో గరాటు ఉన్న పరికరాన్నే నమ్మండి. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ నిమిషంలో ఉద్ధృతంగా కురిసింది అన్న విషయాల్లో ఆప్టికల్ పరికరం మేలు. చినుకు పరిమాణం మాత్రం మీ దగ్గరున్న అర్ధగోళంతో తెలియదు. దానికి లేజర్ డిస్‌డ్రోమీటర్ అనే వేరే పరికరం ఉంది. దాని ధర లక్షల్లో ఉంటుంది. ఆ స్థోమత లేకపోయినా మైదాపిండితో పని జరుగుతుంది, అది చివర్లో చెబుతాను.

చెన్నైలో వర్షమాపకాలు, గాలి పరికరాలు అమర్చి, ఏటా ఈశాన్య రుతుపవనాల ముందు సరిచూసే పని నాది. కాబట్టి కింద రాసినదంతా డాబాల మీద చూసిన సంగతులే.

మొదట తెలుసుకోవలసింది, ఆప్టికల్ పరికరం ఏదైనా నీటిని కొలవదు. అది కొలిచేది కాంతిని. కాంతిలో వచ్చిన మార్పును మిల్లీమీటర్ల వానగా మార్చే లెక్క ఒకటి లోపల ఉంటుంది, ఆ లెక్కలో కొన్ని ఊహలు ఉంటాయి. మీ అర్ధగోళంలో పరారుణ కిరణాలు లోపలి గోడకు తగిలి ప్రతిఫలిస్తూ గ్రాహకాన్ని చేరతాయి. బయట చినుకు అంటుకున్న చోట ఆ ప్రతిఫలనం చెడి కొంత కాంతి బయటికి పోతుంది. కారు అద్దం మీద వైపర్లను వాటంతట అవే తిప్పే సెన్సర్‌దీ ఇదే సూత్రం. ఎంత కాంతి పోయిందో చూసి ఎంత నీరు పడి ఉంటుందో అది అంచనా కడుతుంది. పెద్ద చినుకులూ చిన్న చినుకులూ మామూలుగా ఏ పాళ్లలో కలిసి పడతాయో దానికి ముందే ఒక అంచనా ఉంటుంది. వాన ఆ అంచనాకు భిన్నంగా కురిస్తే లెక్క తప్పుతుంది. ఇలాంటి పరికరాల తయారీదారులే పది శాతం వరకు తేడా రావచ్చని ఒప్పుకుంటారు. డాబా మీద దుమ్ము, పక్షి రెట్ట, గాలి విసురు తోడైతే తేడా అంతకు మించుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు పడితే వాన లేకుండానే కొంచెం వాన నమోదవడం కూడా మామూలే.

మీ అంకెల్లో నాకు ఆసక్తి కలిగించింది తేడా కన్నా తేడా దిశ. ఆగస్టులో ఆప్టికల్ ఎక్కువ చూపింది, నవంబరులో తక్కువ చూపింది. పరికరం పాడై ఉంటే ఎప్పుడూ ఒకే వైపు తప్పేది. కాబట్టి నా మొదటి అనుమానం చినుకుల మీదే. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో డిస్‌డ్రోమీటర్లతో చేసిన పరిశీలనల్లో నైరుతి కాలపు వానలో చినుకులు సగటున పెద్దవనీ, ఈశాన్య కాలపు వానలో చిన్నవనీ తేలింది. గాదంకి మన చెన్నైకి దూరం కాదు, వాన తీరూ కొంత దగ్గరే. ఎండాకాలం చివర నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ సాయంత్రాలు కురిసేది నేల వేడెక్కి లేచిన మేఘాల వాన. అక్టోబరు నుంచి వచ్చేది సముద్రం మీద నుంచి వరుసలు కట్టి వచ్చే మేఘాల వాన. మీ అర్ధగోళం ఈ రెండింటికీ ఒకే లెక్క వాడుతోంది.

అయితే బకెట్ కూడా అమాయకురాలు కాదు. మీది 0.2 మిల్లీమీటర్ల గిన్నె అని రాశారు. గంటకు 120 మిల్లీమీటర్ల వేగంతో వాన పడితే అది ఆరు సెకన్లకోసారి ఒరగాలి. ఒరిగే క్షణంలో పడే నీరు అప్పటికే నిండిన గిన్నెలోకి వెళ్లి లెక్కకు రాకుండా పోతుంది. అందుకే జడివానలో టిప్పింగ్ బకెట్ తక్కువ చూపుతుంది. ఆగస్టు నాటి మీ 31 నిజానికి 32 లేదా 33 అయి ఉండవచ్చు.

బకెట్‌ను సరిచూడడం కష్టం కాదు. గరాటు నోరు 16 సెంటీమీటర్లు అన్నారు. అంటే వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు, ఒక మిల్లీమీటరు వాన అంటే 20 మిల్లీలీటర్ల నీరు. మందుల షాపులో సెలైన్ ఎక్కించే గొట్టం కొనండి. 200 మిల్లీలీటర్ల నీటిని అరగంటకు పైగా చుక్క చుక్కగా గరాటులోకి వదలండి. పది మిల్లీమీటర్ల వాన, అంటే 50 ఒరుగుళ్లు రావాలి. 49 నుంచి 51 మధ్య వస్తే దాన్ని కదిలించకండి. 45 వస్తే గిన్నెల కింద ఉన్న మరలను సర్దాలి, లేదా గిన్నెలో పేరుకున్న మట్టిని కడగాలి. మరలు తిప్పే ముందు కడిగి చూడండి, చాలాసార్లు అదే చాలు. తర్వాత అదే నీటిని ఐదారు నిమిషాల్లో వదిలి మళ్లీ లెక్కపెట్టండి. జడివానలో మీ బకెట్ ఎంత తింటుందో తెలుస్తుంది.

నుంగంబాక్కం సంగతి రెండు ముక్కల్లో. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కి మొదలై మరునాడు 8:30కి ముగుస్తుంది. మీ ఫోను యాప్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క కడుతోంది. మన తీరంలో ఈశాన్య వానలు తరచూ రాత్రి, తెల్లవారుజాము వేళల్లోనే బలంగా పడతాయి కాబట్టి ఒకే వాన మీ లెక్కలో రెండు రోజులకు చీలిపోతుంది. ఇక దూరం: 2015 డిసెంబరు 1 నాటి వానకు తాంబరంలో 49 సెంటీమీటర్లు నమోదైతే నుంగంబాక్కంలో 29. ఒకే ఊరు, ఒకే వాన. పెరంబూరు లెక్క నుంగంబాక్కం లెక్కతో కలవకపోతే కంగారు పడవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు చినుకుల దగ్గరకు వద్దాం. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగవుతుంది.

లేజర్ డిస్‌డ్రోమీటర్‌కు ఎదురెదురుగా రెండు తలలు ఉంటాయి. ఒక తల నుంచి రెండో తలకు పలచటి రేకు ఆకారంలో లేజర్ కాంతి ప్రసరిస్తూ ఉంటుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న పార్సివెల్ అనే నమూనాలో ఆ రేకు పొడవు 180 మిల్లీమీటర్లు, వెడల్పు 30, మందం 1. అంటే వాన పడే చోటు 54 చదరపు సెంటీమీటర్లు మాత్రమే, అరచేతికన్నా చిన్నది. చినుకు ఆ రేకులోంచి జారేటప్పుడు కొంత కాంతిని అడ్డుకుంటుంది. అవతలి తలలో వోల్టేజీ తగ్గుతుంది. ఎంత తగ్గిందో దాన్నిబట్టి చినుకు వ్యాసం, ఎంతసేపు తగ్గి ఉందో దాన్నిబట్టి చినుకు వేగం తెలుస్తాయి. పరిమాణంలో 32 తరగతులు, వేగంలో 32 తరగతులు పెట్టి, నిమిషానికోసారి ఏ గడిలో ఎన్ని చినుకులు పడ్డాయో పట్టిక ఇస్తుంది.

రెండూ ఎందుకు కావాలో ఒక లెక్కతో తేలుతుంది. ఒక మిల్లీమీటరు చినుకు సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో పడుతుంది, మూడు మిల్లీమీటర్లది 8 మీటర్ల వేగంతో. చినుకు రేకును పూర్తిగా దాటాలంటే రేకు మందం, తన వ్యాసం కలిపినంత దూరం పోవాలి. చిన్నది 2 మిల్లీమీటర్లు పోవాలి, పెద్దది 4. రెండింటికీ పట్టేది సరిగ్గా అర మిల్లీసెకనే! సమయం ఒక్కటే చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. నీడ లోతు చూస్తే మాత్రం చిన్నది అడ్డుకునే కాంతి మూడు శాతం లోపు, పెద్దది దాదాపు పది శాతం. ఈ రెండు కొలతలూ కలిస్తేనే చినుకు దొరుకుతుంది.

పెద్ద చినుకు గుండ్రంగా ఉండదు, బొమ్మల్లో వేసినట్టు పైన తోక కూడా ఉండదు. మిల్లీమీటరు దాటాక గాలి ఒత్తిడికి అడుగు చదునవుతూ ఇడ్లీ ఆకారానికి వస్తుంది. ఐదారు మిల్లీమీటర్లు దాటితే నిలవలేక సాధారణంగా చిట్లిపోతుంది. లేజర్ రేకు చినుకును ఒక పక్క నుంచే చూస్తుంది కాబట్టి ఎంత చదునైందో ఊహించుకుని దిద్దుకుంటుంది. ఊహ వద్దు, ఆకారమే చూడాలంటే రెండు వైపుల నుంచి కెమెరాలతో చిత్రించే వీడియో డిస్‌డ్రోమీటర్ ఉంది. అది పరిశోధనశాలల్లో ఉండే వస్తువు, రోజూ దాని ఆలనాపాలనా చూసే మనిషి కావాలి.

చినుకు కొలతలో చిన్న పొరపాటు నీటి లెక్కలో పెద్దదవుతుంది. వ్యాసంలో పది శాతం ఎక్కువ చూపితే నీటిలో 33 శాతం ఎక్కువ వస్తుంది. పైగా నమూనా చాలా చిన్నది. ఆ 54 చదరపు సెంటీమీటర్ల మీద ఒక మిల్లీమీటరు వాన పడాలంటే ఒక మిల్లీమీటరు చినుకులైతే పదివేలకు పైగా కావాలి, నాలుగు మిల్లీమీటర్లవైతే 161 చాలు. ఉరుముల వాన తొలి నిమిషంలో పెద్ద చినుకులు నాలుగు ఆ రేకులో పడ్డాయా, పక్కన పడ్డాయా అన్నది అదృష్టం. అందుకే ఒక్క నిమిషం పట్టిక చూసి నిర్ణయాలకు రావద్దని విద్యార్థులకు చెబుతుంటాను. కనీసం ఐదు, పది నిమిషాలు కలిపి చూడాలి.

రేకు అంచును తాకుతూ పోయే చినుకు సగమే కనిపిస్తుంది. అది చిన్న చినుకుగా, ఉండకూడనంత వేగంతో నమోదవుతుంది. రెండు చినుకులు ఒకే క్షణంలో దాటితే ఒక పెద్ద చినుకుగా లెక్కకు వస్తుంది. పరికరం తల మీద పడి చిట్లిన తుంపరలు నెమ్మదిగా రేకులో పడతాయి. వీటన్నిటినీ ఏరేయడానికి ఒకే ఉపాయం ఉంది: ఏ పరిమాణపు చినుకు ఎంత వేగంతో పడాలో 1949 నుంచి మనకు పట్టిక ఉంది, గన్, కింజర్ అనే ఇద్దరు కొలిచి ఇచ్చినది. దానికి సగానికి పైగా దూరంగా ఉన్నవాటిని తీసేస్తాం. ముడి పట్టిక దాచుకోండి, పరికరం ఇచ్చిన మొత్తం అంకెతో సరిపెట్టుకోవద్దు అని నేను పోరేది ఇందుకే. ముడి పట్టిక ఉంటే రేపు వేరే పద్ధతిలో ఏరుకోవచ్చు. మొత్తం అంకె ఒక్కటే మిగిలితే ఏమీ చేయలేం.

ఆ పట్టిక విలువ ఏమిటో ఉసుళ్లు నేర్పుతాయి. నగర శివార్లలోని ఒక కళాశాల డాబా మీద పరికరం తొలకరి తర్వాత సాయంత్రాలు, ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఏడు గంటల ప్రాంతంలో వాన చూపిస్తోందని పిలిచారు. డేటా తెరిస్తే నాలుగైదు మిల్లీమీటర్ల వస్తువులు సెకనుకు మీటరు వేగంతో దాటుతున్నాయి. అంత పెద్ద చినుకు తొమ్మిది మీటర్ల వేగంతో పడాలి కదా! పక్కనే ట్యూబులైటు, దాని చుట్టూ రెక్కల ఉసుళ్లు. లైటు మార్చగానే ఆ వాన ఆగిపోయింది.

సాలీడు ఇంకా మొండిది. రెండు తలల మధ్య గూడు కట్టడానికి దానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. గాలికి ఊగే దారం రోజంతా సన్నటి తుంపరగా నమోదవుతుంది. వారానికోసారి గుడ్డతో తుడవడమే మందు. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు సముద్రానికి దగ్గర్లో ఉంటే అద్దాల మీద ఉప్పు పొర కడుతుంది, కాబట్టి అక్కడ ఇంకా తరచుగా తుడవాలి. మంచినీటితో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. అద్దాలు తుడిచే ఘాటు ద్రావకాలు వాడవద్దు.

అసలు చిక్కు గాలి. తుపాను గాలిలో చినుకు నిలువుగా పడదు, ఏటవాలుగా దూసుకుపోతుంది. రేకును ఏటవాలుగా దాటే చినుకుకు పరిమాణమూ వేగమూ రెండూ తప్పుతాయి. వాన ఎక్కువగా ఏ దిక్కు గాలితో వస్తుందో ఆ దిక్కుకు రేకు పొడవు అడ్డంగా ఉండేలా పెడితే కొంత నయం. చెన్నైలో అంటే ఈశాన్యానికి అడ్డంగా. కానీ తుపాను తీరం దాటేటప్పుడు గాలి దిక్కు మార్చుకుంటుంది, అప్పుడు చేయగలిగింది లేదు. ఆ గంటల డేటాకు ఒక గుర్తు పెట్టి పక్కన ఉంచుతాను. గరాటు కూడా గాలిలో తక్కువే పట్టుకుంటుంది, అది వేరే కథ. తుపాను రోజు కరెంటు పోవడం ఖాయం కాబట్టి బ్యాటరీ లేని ఆప్టికల్ పరికరం అవసరమైన రోజే నిద్రపోతుంది. సీసాలో పడిన నీటికి కరెంటు అక్కర్లేదు.

ఇంత తంటాలు పడి చినుకు పరిమాణం ఎందుకంటారా? రాడార్ కోసం. రాడార్‌కు తిరిగివచ్చే సంకేతం చినుకు వ్యాసం ఆరో ఘాతాన్నిబట్టి ఉంటుంది, నీరేమో మూడో ఘాతాన్నిబట్టి. నాలుగు మిల్లీమీటర్ల చినుకు ఒకటి, ఒక మిల్లీమీటరు చినుకులు 64 తీసుకోండి. రెండు వైపులా నీరు సమానమే. రాడార్‌కు మాత్రం పెద్ద చినుకు ఆ అరవై నాలుగింటి మొత్తం కన్నా 64 రెట్లు ప్రకాశంగా కనబడుతుంది. రాడార్ సంకేతాన్ని వాన లెక్కగా మార్చడానికి మార్షల్, పామర్ 1948లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు, కానీ అది అన్ని వానలకూ సరిపోదు. ఏ కాలపు వానకు ఏ సూత్రం వాడాలో తేల్చేది కింద డాబా మీద చినుకులు లెక్కపెట్టే పరికరమే.

మైదాపిండి సంగతి చెబుతానన్నాను. మంచు స్ఫటికాల ఫొటోలతో పేరుపొందిన అమెరికన్ విల్సన్ బెంట్లీ 1904లో ప్రచురించిన పద్ధతి ఇది. వెడల్పాటి పళ్లెంలో జల్లించిన మైదా రెండు సెంటీమీటర్ల మందాన, నొక్కకుండా పరవండి. మూతపెట్టి వానలోకి తీసుకెళ్లి రెండు మూడు సెకన్లు మూత తీసి మళ్లీ మూయండి. ప్రతి చినుకూ ఒక పిండి ఉండ అవుతుంది. పూర్తిగా ఆరాక జల్లెడ పట్టి ఉండలను పరిమాణాలవారీగా వేరుచేయండి. ఉండ పరిమాణం, చినుకు పరిమాణం ఒకటి కావు కాబట్టి పోల్చుకోవడానికి తెలిసిన చుక్కలు కావాలి. ఇక్కడా సెలైన్ గొట్టమే ఆదుకుంటుంది. మిల్లీలీటరుకు 20 చుక్కలిచ్చే గొట్టం నుంచి వచ్చే చుక్క వ్యాసం సుమారు 4.6 మిల్లీమీటర్లు, పిల్లలకు వాడే 60 చుక్కల గొట్టం నుంచి వచ్చేది 3.2. గొట్టం మీద రాసింది గుడ్డిగా నమ్మకుండా వంద చుక్కలు తూచి చూసుకోండి. గాలి లేనప్పుడు మెట్ల సందులోంచి మీ మూడంతస్తుల ఎత్తు నుంచి వదిలితే దాదాపు వాన వేగమే వస్తుంది. అర మిల్లీమీటరు లోపు తుంపర ఈ పద్ధతికి చిక్కదు. లేజర్‌కు కూడా 0.25, 0.3 మిల్లీమీటర్ల లోపువి సరిగా చిక్కవు లెండి.

ఆగస్టు వానకొకటి, నవంబరు ముసురుకొకటి పళ్లెం పట్టారంటే, మీ అర్ధగోళం ఎందుకు అటూ ఇటూ తప్పుతోందో మీకే కనబడుతుంది. లేజర్ పరికరం కొనమని మాత్రం ఒక ఇంటివారికి నేను సలహా ఇవ్వను. కొన్నాక అయ్యే నిర్వహణే భారం.

డాబా మీద ఎక్కడ పెట్టాలని కూడా అడిగారు. పిట్టగోడకు ఆనించి అసలు పెట్టవద్దు. గోడకు తగిలి పైకి లేచే గాలి చినుకులను గరాటు మీదుగా తోసుకుపోతుంది. గోడ, నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున్నాయో దానికి కనీసం రెండింతల దూరంలో, నేల మీది చిందులు ఎగిరి పడనంత ఎత్తులో, రెండు పరికరాలూ పక్కపక్కన, ఒకే ఎత్తులో ఉండాలి. వాటి పక్కన మూడోదిగా ఒక సాదా గరాటు, సీసా పెట్టి రోజూ ఉదయం 8:30కి కొలజాడీతో కొలిచి పుస్తకంలో రాయండి. మిగతా రెండింటి తగవు తీర్చేది ఆ సీసాయే.

ఈసారి వాన పడ్డాక నిమిషాలవారీ ఫైలు రెండు పరికరాలదీ ఇక్కడ పెట్టండి. బకెట్ మొదటిసారి ఒరిగిన సమయం, ఆప్టికల్ పరికరం మొదటి చినుకు చూసిన సమయం విడిగా రాయండి. గరాటులో చెత్త అడ్డుపడి నీరు ఆగుతోందా అన్నది ఆ రెండు సమయాల తేడాలో తెలిసిపోతుంది.